మొదటి తొక్కు

చెంగల్రాయుడికి పాదాల్లో స్పర్శ పోయి మూడు నెలలైంది. ఈ సంగతి అతని భార్య రెడ్డెమ్మకూ, ఆస్పత్రి డాక్టరుకూ తప్ప ఎవరికీ తెలియదు. ఉస్తాద్ చెవిన మాత్రం పడకూడదని రెడ్డెమ్మ చేత ఒట్టు పెట్టించుకున్నాడు.

మదనపల్లెలో బెంగళూరు రోడ్డు పక్కన ఉన్న రేకుల షెడ్డు ఉస్తాద్ ఖాదర్ వలీది. ఆయనకు డెబ్బై ఆరేళ్లు. పాత కార్లూ జీపులూ బాగుచేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. మాట తక్కువ. చెంగల్రాయుడు పదహారో ఏట ఆయన దగ్గర చేరాడు, ఇప్పుడు నలభై ఏడు. ఈ మధ్యలో ఎందరో వచ్చి, పని నేర్చుకుని, సొంత షెడ్లు పెట్టుకుని పోయారు. అతను పోలేదు.

ఇంజను విప్పి బిగించే వాళ్లు ఊరి నిండా ఉన్నారు. చెంగల్రాయుడి పేరు బ్రేకుల వల్ల వచ్చింది. చెప్పులు విడిచి, ఉత్తి పాదం పెడల్ మీద ఆనించి, మెల్లగా ఒకసారి నొక్కేవాడు. "వెనక ఎడమ చక్రం బ్రేకు గొట్టంలో గాలి ఉండాది" అనేవాడు. విప్పి చూస్తే ఉండేది. పలమనేరు నుంచీ కదిరి నుంచీ కూడా అతని కాలి కోసం బండ్లు వచ్చేవి.

మొదట అరికాలికి దూది అంటుకున్నట్టు అనిపించింది. అదే పోతుందిలే అనుకున్నాడు. ఒకరోజు సాయంత్రం మార్కెట్ దగ్గర స్కూటర్ ఆపి, సైలెన్సరుకు పాదం ఆనించి ఎవరితోనో మాట్లాడుతూ నిలబడ్డాడు. కాలుతున్న వాసన వచ్చింది. ఎక్కడినుంచా అని చుట్టూ చూశాడు. ఇంటికి పోయాక రెడ్డెమ్మ ఆ పాదం చూసి గొల్లుమంది.

డాక్టరు కుర్ర మనిషి. సన్నటి దారం లాంటిది పాదం మీద అక్కడక్కడా ఆనిస్తూ, తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. చెంగల్రాయుడు ఆయన చెయ్యి కదలడం చూస్తూ "ఆఁ... ఆఁ..." అంటూ పోయాడు. డాక్టరు ఆగి అతని ముఖంలోకి చూశాడు.

"కళ్లు మూసుకోండి."

మూసుకున్నాడు. దారం ఎప్పుడు తగులుతుందా అని కాచుకుని కూర్చున్నాడు. పక్క గదిలో ఎవరో దగ్గుతున్నారు. ఫ్యాను తిరుగుతోంది. చాలాసేపటికి అతనే అడిగాడు.

"ఇంకా మొదలుపెట్టలేదా సార్?"

"అయిపోయింది," అన్నాడు డాక్టరు.

షుగరు పదేళ్లుగా ఉందట, అతనికి తెలియలేదంతే. పోయిన స్పర్శ మళ్లీ వస్తుందని చెప్పలేమన్నాడు. జాగ్రత్తగా లేకపోతే మెల్లగా పైకి పాకుతుందనీ, చేతులకు కూడా రావచ్చనీ చెప్పాడు. చెంగల్రాయుడు మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఎప్పటిలాగే తొమ్మిదింటికి షెడ్డు తెరిచాడు.

ఆ రోజుల్లోనే మునిరత్నం కారు వచ్చింది.

మునిరత్నానికి టమాటా మండీ ఉంది. ఆ కారు అరవై మూడు మోడల్ ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముదురాకుపచ్చ రంగు. కూనూరులో ఎవరో తోటల యజమాని చనిపోతే కొనుక్కొచ్చాడు. అతని చిన్నప్పుడు తల్లి నంజమ్మ సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకుని హార్స్‌లీ కొండ ఎక్కి, గెస్ట్‌హౌస్ దొరలకు అమ్మేది. కొంగు పట్టుకుని వెంట నడిచే పిల్లవాడి పక్కనుంచి ఒకరోజు అట్లాంటి కారే దుమ్ము లేపుకుంటూ పోయింది. ఇప్పుడు నంజమ్మకు ఎనభై రెండేళ్లు. ఆమెను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఆ కొండ ఎక్కాలని అతని కోరిక.

"ఎక్కేదానికి ఇబ్బంది లేదు రాయుడూ, ఇంజను బాగుండాది," అన్నాడు మునిరత్నం. "దిగేటప్పుడే భయం. నీ పేరు విని తెచ్చినా."

చక్రాలను పట్టి ఆపే పాత కాలిపర్లు తుప్పు పట్టి, లోపల పిస్టన్లు ఇరుక్కుపోయి ఉన్నాయి. అట్లాంటివి ఇప్పుడు దొరకవు. అందుకని మునిరత్నం విదేశం నుంచి వేరే కంపెనీ వాళ్లు చేసిన కొత్తవి తెప్పించాడు. అల్యూమినియంవి, ఒక్కోదానికి నాలుగు పిస్టన్లు. చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపులా దవడల్లాగా పట్టుకుంటాయి. చేతిలోకి తీసుకుంటే నగల్లాగా ఉన్నాయి.

నగలైనా, ఆ కారు కోసం పుట్టినవి కావు. బోల్టు రంధ్రాలు కలవలేదు. చెంగల్రాయుడు అట్ట ముక్క కత్తిరించి కొలత తీసుకుని, పక్కనున్న లేతు షాపులో ఇనుప పలక కోయించి, దాని మీద కాలిపరు కూర్చోబెట్టాడు. పలక వెనక పలుచటి రేకులు ఒక్కొక్కటే పెట్టుకుంటూ, డిస్కుకు అటూ ఇటూ సందు సమానంగా వచ్చేదాకా విప్పి బిగించాడు. కొత్త గొట్టాలు వేశాడు. కొత్త బ్రేక్ ఆయిల్ పోసి నాలుగు చక్రాల బ్రేకు గొట్టాల్లోనూ చిక్కుకున్న గాలి తీశాడు. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ అతను చేతులతోనూ కళ్లతోనూ మాత్రమే బతికాడు. ఎక్కడా తప్పు దొర్లలేదు.

పదో రోజు శుక్రవారం. బండిని కొండ అడుగు దాకా నడుపుకుని పోయాడు. నాలుగు మలుపులు ఎక్కి, మళ్లీ దిగాడు. దిగేటప్పుడు చెప్పులు విడిచి తొక్కాడు. బండి ఆగింది. పాదం ఏమీ చెప్పలేదు. చెట్టు కొమ్మకు వేలాడే గుడ్డ బొమ్మ పాదానికి ఏం తెలుస్తుందో తన పాదానికీ అంతే తెలిసింది. కిందికి వంగి పెడల్ ఎంత లోపలికి పోతోందో చూడబోతే బండి రోడ్డు అంచుకు జరిగింది. తల ఎత్తి స్టీరింగ్ ఇటు లాగాడు. బండి ఆగింది కదా, అది చాలనుకున్నాడు. అనుకుని వెనక్కి తిప్పాడు.

షెడ్డు ముందు ఉస్తాద్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"పెడల్ ఎట్లుండాది చెంగా?"

"రాయి మాదిరి ఉండాది ఉస్తాద్."

ఉస్తాద్ తల ఊపాడు. ముప్పై ఒక్క ఏళ్లలో చెంగల్రాయుడు ఆయనకు చెప్పిన మొదటి అబద్ధం అది. అది అంత తేలికగా నోట్లోంచి వచ్చేసినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది.

ఇంట్లో కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు. రెడ్డెమ్మ చూస్తూ ఉంది.

"ఆయనతో చెప్పేయరాదా?" అంది.

"చెప్పి?"

"చెప్పి... ఇంకేదన్నా పని."

"ఇంకే పని? నాకేమొచ్చు?" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. "బ్రేకులు చూసేవాడికి కాలు లేదంటే, ఇంకెవడు తెస్తాడు బండి? ఆ షెడ్డులో నేను టీ గ్లాసులు కడగాలనా?"

కంచం అట్లాగే వదిలి లేచాడు.

శనివారం పదకొండింటికి మునిరత్నం వచ్చాడు. మర్నాడు ఉదయమే తల్లితో ప్రయాణం. కొత్త తలగడ ఒకటి తెచ్చి పక్క సీట్లో పెట్టాడు, ముసలామెకు నడుము నొప్పట. తను స్టీరింగ్ ముందు కూర్చుని పెళ్లికొడుకులా నవ్వుతున్నాడు.

"తాళం తే రాయుడూ."

తాళం లోపల గోడకున్న మేకుకు ఉంది. చెంగల్రాయుడు షెడ్డులోకి వెళ్లి తీసుకుని, ఆవరణ దాటి కారు దగ్గరికి వచ్చాడు. లేతు షాపు వాళ్లు ఊడ్చి పోసిన పదునైన ఇనుప తరుగు చుట్టలు, గులకరాళ్లు, ఎండకు కాగిన నేల. ముప్పై అడుగుల దూరం ఉంటుంది. తాళం మునిరత్నం చేతిలో పెట్టాడు.

"భయం లేదు కదా?" అని అడిగాడు మునిరత్నం. "అమ్మ ఉంటాది పక్కన."

"భయం లేదన్నా. పెడల్ రాయి..."

వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. మెల్లగా, మోకాళ్ల నొప్పులతో నడిచే మనిషి అడుగులు. చెంగల్రాయుడు తిరిగి చూశాడు.

ఉస్తాద్ వస్తున్నాడు. ఆయన చేతిలో ఒక చెప్పు ఉంది. పాత రబ్బరు చెప్పు. దాన్ని అందరూ పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకోలేదు. కొలత చూసి తెచ్చే సామానులా అరచేతిలో పెట్టుకుని తెస్తున్నాడు.

"అయ్యో, మీరేంది సాయిబూ చెప్పు మోసేది?" అన్నాడు మునిరత్నం.

ఉస్తాద్ చెంగల్రాయుడి ముందు నిలబడి, కారు తలుపు పట్టుకుని, అతి కష్టం మీద వంగాడు. చెప్పును అతని కుడి పాదం పక్కన నేల మీద పెట్టాడు. పెట్టి, మళ్లీ అదే కష్టంతో నిటారుగా నిలబడ్డాడు.

అప్పుడు చెంగల్రాయుడు కిందికి చూశాడు. కుడి పాదం ఉత్తిదే ఉంది, చెప్పు షెడ్డులోనే జారిపోయింది. నేల మీద, షెడ్డు గుమ్మం నుంచి తను నిలబడిన చోటి దాకా, అడుగు అడుగుకూ చిన్న నల్లటి నెత్తురు మరకలున్నాయి. మడమ దగ్గర ఇనుప చుట్ట ఒకటి గుచ్చుకుని, కొస బయటికి మెరుస్తోంది.

ఉస్తాద్ ముందు ఇన్నేళ్లలో కాళ్లు చాపి కూర్చున్నవాడు కాదు అతను. ఆయన చేతిలో తన చెప్పు. చెంగల్రాయుడు ఆయన ఏదన్నా అంటాడేమోనని చూశాడు. ఆయన మునిరత్నం వైపు కూడా చూడలేదు. ఊరికే నిలబడ్డాడు.

"అన్నా," అన్నాడు చెంగల్రాయుడు, "ఈ బండి ఈరోజు ఇవ్వలేను."

"ఏం? ఇప్పుడే కదా..."

"అబద్ధం చెప్పినా. నా కాళ్లకు ఏమీ తెలియదన్నా. మూడు నెలలుగా తెలియదు. పెడల్ ఎట్లుండాదో నాకు తెలియదు."

మునిరత్నం నవ్వబోయి ఆగాడు. ఒకసారి అతని పాదం వైపు, ఒకసారి ఉస్తాద్ వైపు చూశాడు.

"బాబూ," అన్నాడు ఉస్తాద్, "ఈ ఆవరణలోనే రెండు చుట్లు తిప్పండి. కొండ మలుపుల మాదిరి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి. తిప్పినాక తొక్కండి. మెల్లగా."

మునిరత్నం కారు స్టార్ట్ చేశాడు. వేపచెట్టు చుట్టూ ఎడమకు తిరిగి, పాత జీపు చుట్టూ కుడికి తిరిగి, వాళ్ల ముందుకు వచ్చి బ్రేకు తొక్కాడు. కారు అనుకున్న చోట ఆగలేదు. మూడడుగులు దాటి ఆగింది. స్టీరింగ్ వదలకుండానే అతను పెడల్ వైపు చూశాడు.

"లోపలికి పోయింది," అన్నాడు. "మొదట తొక్కితే లోపలికి పోయింది సాయిబూ. మళ్లీ తొక్కితే పైకొచ్చింది."

ఏం జరిగిందో చెంగల్రాయుడికి ఆ ఒక్క మాటతో అర్థమైంది. ముందు చక్రం నడిమి హబ్బులో వెంట్రుకంత ఊగు ఉంది. పాత కాలిపర్లతో అది బయటపడలేదు. ఇప్పుడు మలుపు తిరిగినప్పుడల్లా డిస్కు ఆ కాస్త పక్కకు ఒరిగి, కొత్త కాలిపరులోని డిస్కును నొక్కే ప్యాడ్లను వెనక్కి తోస్తోంది. తర్వాత తొక్కే మొదటి తొక్కు ఆ సందు పూడ్చడానికే సరిపోతుంది. తిన్నటి రోడ్డు మీద ఏమీ తెలియదు. కొండ మీద అన్నీ మలుపులే. శుక్రవారం నాలుగు మలుపుల్లోనూ పెడల్ అతనికి ఈ మాటే చెప్పి ఉంటుంది.

టమాటాల వ్యాపారి కాలికి తెలిసింది. అతనికి తెలియలేదు.

మునిరత్నం కారు దిగాడు. సీట్లో తలగడ తీసి చంకలో పెట్టుకున్నాడు. తిడతాడని చెంగల్రాయుడు కాచుకుని నిలబడ్డాడు. తిట్లు పడితే కొంచెం ఊపిరి ఆడుతుందనిపించింది.

"మా అమ్మను కూర్చోబెట్టేవాణ్ణి రాయుడూ," అన్నాడు మునిరత్నం. "రేప్పొద్దున ఈపాటికి."

అంతే. గేటు దాకా పోయి, వెనక్కి తిరిగి ఉస్తాద్‌తో, బండి బాగైనాక కబురు చేయమన్నాడు. చెంగల్రాయుడి పేరు ఎత్తలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. చెంగల్రాయుడు అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఉస్తాద్ షెడ్డులోకి పోయి చిన్న పటకారు, స్పిరిట్ సీసా, కొత్త గుడ్డ ముక్క తెచ్చాడు. ఎదురుగా కూర్చుని అతని పాదం తన ఒడిలోకి తీసుకున్నాడు. చెంగల్రాయుడు లాక్కోబోయాడు. ఆయన వదల్లేదు.

ఇనుప చుట్టను పటకారుతో పట్టి బయటికి లాగాడు. నెత్తురు వచ్చింది. స్పిరిట్ పోశాడు. చెంగల్రాయుడు అదంతా వేరే ఎవరి పాదానికో జరుగుతున్నట్టు చూశాడు.

"మీకెప్పుడు తెలిసింది ఉస్తాద్?"

"నెలన్నరైంది."

"ఎట్ల?"

"పెడల్ తొక్కేటప్పుడు కిందికి చూస్తాండావు. ముందెప్పుడూ చూసేవాడివి కాదు."

చెంగల్రాయుడికి కోపం వచ్చింది.

"తెలిసి ఎందుకు ఊరకుండినారు? ముందే అడిగింటే ఈ బండి ముట్టుకునేవాణ్ణే కాదు."

"నీ కాలు," అన్నాడు ఉస్తాద్ గుడ్డ చుడుతూ. "నువ్వు చెప్తావనుకున్నా."

"ఈరోజు కూడా చెప్పకపోయింటే?"

"నేను చెప్పేవాణ్ణి. నువ్వు అబద్ధంతోనే మిగిలిపోయేవాడివి."

గుడ్డ కొస ముడి వేశాడు. చెంగల్రాయుడికి అప్పుడు ఏడుపు వచ్చింది. చప్పుడు లేని ఏడుపు, భుజాలు మాత్రం కదిలాయి. డాక్టరు చెప్పినప్పుడు రాలేదు, రెడ్డెమ్మ ఏడ్చినప్పుడు రాలేదు.

"ఆ ముసలామెను చంపుండేవాణ్ణి ఉస్తాద్."

కాదంటాడని ఎక్కడో చిన్న ఆశ ఉంది. అట్లా అనుకోకురా అంటాడని.

"అవును," అన్నాడు ఉస్తాద్.

వేపచెట్టు మీద కాకి ఒకటి అరుస్తోంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. వాటి బ్రేకుల కీచుమనే శబ్దం వింటూ కూర్చున్నాడు చెంగల్రాయుడు. ఏ లారీకి బ్రేకులు అరిగిపోయాయో అతనికి చెవులతోనే తెలుస్తోంది. అది తెలిసి ఏం లాభమో తెలియలేదు.

"చేతులకు కూడా వస్తాదంట," అన్నాడు చివరికి. "ఎప్పుడో తెలీదంట. రోజూ లేవంగానే వేళ్లు గిల్లుకుని చూసుకుంటా. కాళ్లు పోయె. రేపు చేతులు పోతే నేను దేనికి పనికొస్తా? చెప్పండి ఉస్తాద్. ముప్పై ఏళ్లు నేర్పించినారు. దీనికేం చెయ్యాలో ఒక్కసారి కూడా చెప్పలేదు."

ఉస్తాద్ నేల మీద చెయ్యి ఆనించి లేచాడు. డెబ్బై ఆరేళ్ల ముఖం. దాని నిండా అలసటే ఉంది.

ఆయన జాకీ తెచ్చి కారు ముందు భాగం కింద పెట్టాడు. ఆగి ఆగి తిప్పాడు. చెంగల్రాయుడు లేవబోతే, కూర్చోమన్నట్టు చెయ్యి చూపాడు. చక్రం నేలను వదిలింది. ఉస్తాద్ దాని పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. లోపల టక్కు టక్కుమని చిన్న చప్పుడు. ఇద్దరూ విన్నారు. చక్రం ఊడదీసి పక్కకు ఆనించాడు. కొత్త కాలిపరు ఎండకు తళుక్కుమంది. తొమ్మిది రోజుల పని.

ఉస్తాద్ స్పానరు తెచ్చి చెంగల్రాయుడి ముందు చాపాడు.

చెంగల్రాయుడు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. అది పట్టుకోవాలంటే చెయ్యి ఎత్తాలి. చెయ్యి ఎత్తడానికి బలం ఎక్కడా కనపడలేదు. ఉస్తాద్ చెయ్యి చాపే ఉంచాడు. అది మెల్లగా కిందికి వాలసాగింది. ఆ బరువుకు ఆ చెయ్యి ఎంతసేపో నిలవదు.

చెంగల్రాయుడు స్పానరు అందుకున్నాడు. మోకాళ్ల మీద జరుగుతూ చక్రం దగ్గరికి పోయాడు.

"ఎక్కడినుంచి విప్పాల ఉస్తాద్?" అని అడిగాడు. అతనికి తెలియక కాదు.

"నువ్వు బిగించిన కాడి నుంచే," అన్నాడు ఉస్తాద్.